చైనా వదినగారి డాన్సు క్లాసు

మా మామయ్య ఖమ్మంలో హైస్కూలు లెక్కల మాస్టారు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఎవరైనా "మీరేం చేసేవారండీ" అని అడిగితే మాత్రం ముందు పార్టీ సంగతి చెప్పి, తర్వాత గుర్తొచ్చినట్టు బడి సంగతి చెబుతారు. పార్టీలో ఆయనకు పదవేమీ లేదు. సభలకు కుర్చీలు వేయించడం, గోడల మీద నినాదాలు రాయడం, ఊరికి వచ్చిన నాయకులకు ఇంట్లో భోజనం పెట్టించడం, శిక్షణ తరగతుల్లో కుర్రాళ్ళకు చైనా విప్లవం పాఠం చెప్పడం ఆయన పనులు. చైనా పాఠం చెప్పాలంటే జిల్లాలో ఆయనే చెప్పాలనేవారట. ఆ దేశం నుంచి పోస్టులో వచ్చే రంగుల బొమ్మల పత్రికలు చదివీ చదివీ అక్కడి పొలాలూ ఆనకట్టలూ ఆయనకు సాగర్ కాలవంత పరిచయం. చదివేశాక ఆ పత్రికలు చింపి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవారు. ఎర్రటి బుగ్గలతో గోధుమలు కోస్తూ నవ్వే అమ్మాయిని చూస్తూ తను ఎక్కాలు నేర్చుకున్నానని మా ఆయన ఇప్పటికీ చెబుతాడు.

పోయిన శీతాకాలం మామయ్యా అత్తయ్యా అమెరికాలోని శాన్ రామన్‌లో మా ఇంటికి వచ్చారు. నేను ఇంటి నుంచే పని చేస్తాను. పొద్దున్నే మీటింగులు. నా గొంతు వినపడుతున్నంతసేపూ మామయ్య పేపరు చదువుతూ కదలకుండా కూర్చునేవారు. అత్తయ్య అలా కూర్చునే మనిషి కాదు. రెండోరోజే షూ వేసుకుని దగ్గర్లో ఉన్న పార్కుకు వెళ్ళిపోయింది. గంట తర్వాత తిరిగొచ్చి, నేను మ్యూట్‌లో ఉన్నానో లేదో చూడకుండానే, "నేనివాళ డాన్సు చేశానే!" అంది. మా టీమంతా విన్నారు. తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ నవ్వారు.

టెన్నిస్ కోర్టుల పక్కన కొంతమంది పెద్దవాళ్ళు చిన్న స్పీకరు పెట్టుకుని డాన్సు చేస్తున్నారట. చైనావాళ్ళు ఎక్కువ, ఒకరిద్దరు కొరియావాళ్ళు, ఒక పంజాబీ ఆయన. వాళ్ళకు నేర్పేది ఒక ముసలావిడ. సన్నగా, నిటారుగా, తెల్లజుట్టు మెడ దాకా కత్తిరించుకుని ఉంటుందట. అత్తయ్య పక్కన నిలబడి చూస్తుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాగేసిందట.

"మరి మాటలెట్లా?" అన్నాను.

"మాటలెందుకు? ఆమె కాలు చూసి నేను కాలు వేశాను."

వారం తిరిగేసరికి ఆవిడ అత్తయ్యకు చైనా వదిన అయిపోయింది. మేమూ అదే పేరు ఖాయం చేశాం. వానలు మొదలయ్యాక ఆ డాన్సు ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం నడిపే సీనియర్ సెంటర్ హాల్లోకి మారింది. అక్కడికి నడిచి వెళ్ళడం కష్టం కనుక డ్రైవింగు నా మీద పడింది. ఒకరోజు మామయ్య కూడా కారెక్కారు. చైనా రైతుల డాన్సు కళ్ళారా చూడొచ్చని ఆయన ఉత్సాహం. దారి పొడుగునా ఆ దేశపు పల్లెల్లో కోతలప్పుడు ఆడే ఆటల గురించి మాకు చెప్పారు.

హాల్లోకి వెళ్ళేసరికి అంతా జంటలు జంటలుగా, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి, మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నారు. పియానో పాట. మామయ్య మొహం చిన్నబోయింది.

"ఇదేంది, దొరల డాన్సు!" అన్నారు నాతో.

పాట అయిపోయాక ఊరుకోలేక చైనా వదినగారి దగ్గరికి వెళ్ళారు. ఇంగ్లీషు పేపర్లు చదివీ చదివీ ఆయనకు పుస్తకాల ఇంగ్లీషు బాగా వచ్చు. ఆవిడది కూడబలుక్కునే ఇంగ్లీషు. ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడేవారు కాబట్టి ఒకరికొకరు బాగా అర్థమయ్యేవారు.

"మేడమ్, ఇది మీ దేశంలో ఏ ప్రాంతపు రైతుల నాట్యం?"

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "రైతులదా? ఇది మా నాయకుల నాట్యం. నేను వాళ్ళతోనే చేశాను."

మామయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు మొదలైన కబుర్లు ఆయన తిరుగు ప్రయాణం దాకా ఆగలేదు. మధ్యలో టీ విరామం ఉండేది. ఆవిడ ఫ్లాస్కులో మల్లెపూల టీ, పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు తెచ్చేది. గింజలు పళ్ళతో టకటకా ఒలుస్తూ చెప్పేది. నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేస్తున్నట్టు కనిపిస్తూ వినేదాన్ని. అత్తయ్య కోసం మధ్యమధ్య తెలుగులో చెప్పేదాన్ని.

నాయకులతో డాన్సు చేసే రోజుల్లో ఆవిడకు పదిహేడేళ్ళట. రాజధానిలో ఒక ఆటపాటల బృందంలో చేరింది. పొద్దున్నంతా అభ్యాసం, మధ్యాహ్నం రాజకీయ పాఠాలు. జంటగా చేసే ఈ డాన్సు ధనికుల రోగమనీ, దాన్ని మనసులోకి కూడా రానివ్వకూడదనీ ఆ పాఠాల్లో చెప్పేవారు. ఊళ్ళో డాన్సు హాళ్ళన్నీ ఎప్పుడో మూసేశారు. శనివారం సాయంత్రమయ్యేసరికి మాత్రం కిటికీలకు తెరలున్న వ్యాను వచ్చేది. బృందంలో అందమైన ఆడపిల్లల్ని ఎక్కించుకుని ఎర్రగోడల వెనక చెరువు పక్కనున్న భవనానికి తీసుకెళ్ళేవారు. అక్కడ మెరిసే చెక్క నేల, బ్యాండు, దేశాన్ని నడిపే పెద్దలు. మధ్యాహ్నం పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం వ్యాను దగ్గర నిలబడి, "నవ్వుతూ ఉండండి, వాళ్ళకు అలసట తీరాలి" అని చెప్పి పంపేవాడట.

"మేడమ్, ఇదంతా శత్రువుల ప్రచారం," అన్నారు మామయ్య మర్యాదగానే.

"శత్రువు ఎవరు? నేనా?"

"మీరని కాదు..."

"ఇదిగో, ఈ కాలే." ఆవిడ షూలో ఉన్న కుడికాలు ముందుకు చాపింది. "చాలా పెద్ద మనిషి తొక్కాడు. పేరు చెబితే మీరు నిలబడి దండం పెడతారు. శత్రువుల ప్రచారానికి ఇంత నొప్పి ఉంటుందా?"

అత్తయ్యకు నేను ఆ మాట తెలుగు చేయగానే ఆమె నవ్వు ఆపుకోలేక హాలు బయటికి వెళ్ళిపోయింది.

మామయ్య అంత తేలిగ్గా వదిలే రకం కాదు. తర్వాతి క్లాసుకు కొత్త వాదనతో వచ్చారు. నాయకులు మాసికలు వేసిన బట్టలు కట్టుకునేవారనీ, తాము పత్రికల్లో చదివామనీ, ఆ సంగతి చెప్పి శిక్షణ తరగతుల్లో ఎంతమందిని కదిలించామో అనీ అన్నారు.

"నిజమే," అంది ఆవిడ. "దగ్గర్నుంచి చూశాను. నా కళ్ళు సరిగ్గా ఆ మాసిక ఎత్తులోనే ఉండేవి. ఎంత అందమైన మాసికో! మా అమ్మ వేసేవి అంత బాగుండేవి కావు. దానికోసం వేరే దర్జీ ఉన్నాడని మేం ఆడపిల్లలం చెప్పుకునేవాళ్ళం."

వాళ్ళకు వేరే కూరగాయల తోటలు, వేరే కొట్లు, సముద్రపు ఒడ్డున వేరే విడిది ఇళ్ళు ఉండేవని చెప్పింది. పిల్లలకు వేరే బళ్ళు. ఇవన్నీ ఆవిడ హాస్యంగానే చెప్పేది. ఒక్కసారి మాత్రం గొంతు మారింది. అది దేశమంతా తిండి లేని కాలం. డాన్సుకు వెళ్ళినచోట బల్లల మీద వేరుశనగలూ కమలాపళ్ళూ పెట్టేవారట. ఈమె పొడుగు చేతుల జాకెట్టులో వేరుశనగలు దాచుకుని ఇంటికి తెచ్చేది. తమ్ముడికి కాళ్ళు వాచి ఉండేవి. వాడు ఒక్కొక్క గింజనూ చాలాసేపు బుగ్గన పెట్టుకునేవాడు.

"బతికాడు," అని వెంటనే చేర్చింది మా మొహాలు చూసి. "ఇక్కడే దగ్గర్లో, ఫ్రీమాంట్‌లో ఉన్నాడు. ఇప్పుడు లావైపోయాడని కాళ్ళు వాస్తున్నాయి."

ఆ రోజు కార్లో ఇంటికి దగ్గరపడ్డాక మామయ్య అన్నారు. "కరువొచ్చిందని మాకు తెలుసమ్మా. వానల్లేక వచ్చిందని చెప్పారు. అక్కడ నాయకులు కూడా మాంసం మానేశారని రాశారు. నేనదే పాఠం చెప్పాను."

వెనక సీట్లోంచి అత్తయ్య అందుకుంది. "నాయకులు ఎక్కడైనా అంతే. మీరంతా తరగతుల్లో పచ్చిపులుసన్నం తింటుంటే, మనింటి మేడ మీద మీ పార్టీ పెద్దాయనకి నాటుకోడి వండిపెట్టలా నేను?"

"ఆయనకు షుగరు. అందుకని..."

"షుగరుకి నాటుకోడి తినమని ఏ డాక్టరు రాశాడు?"

మామయ్యకు నవ్వొచ్చింది. కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.

ఆవిడ కథలో తర్వాతి భాగం మేము విడివిడిగా విన్నాం. కొన్నేళ్ళకు గాలి మారింది. ధనికుల డాన్సు చేసిన నేరానికి ఆవిడ్ని అందరి ముందూ నిలబెట్టి తిట్టి, పందులు పెంచే ఊరికి పంపారు. పంపమని సంతకం చేసింది ఆ కాలు తొక్కిన పెద్దమనిషేనట. పందులతో చాలా ఏళ్ళే గడిచాయి. పందుల దొడ్లో ఎవరూ లేనప్పుడు బకెట్టు పట్టుకుని అడుగులు ప్రాక్టీసు చేసేదట. "పందులు మంచి ప్రేక్షకులు. పాఠాలు చెప్పవు," అంది.

ఒకసారి మామయ్య ఉండబట్టలేక అడిగారు. "ఇక్కడి నాయకులు మాత్రం తక్కువ తిన్నారా మేడమ్?"

"ఇంకా ఎక్కువ తింటారు. ఆ సంగతి నేను ఈ హాల్లో గట్టిగా చెప్పి, వచ్చేవారం మళ్ళీ వచ్చి క్లాసు చెబుతాను. పందుల దగ్గరికి ఎవరూ పంపరు. నాకు అది చాలు."

చైనా కొత్త సంవత్సరానికి క్లాసు వాళ్ళంతా పాట్‌లక్ లంచ్ పెట్టుకున్నారు. ఎవరింటి వంట వాళ్ళు తేవాలి, తర్వాత డాన్సు. దానికి ముందు వారం మామయ్య జలుబు చేసి ఇంట్లో ఉండిపోయారు. నేను దింపితే అత్తయ్య ఒక్కతే లోపలికి వెళ్ళి వార్త తెచ్చింది. కొత్తగా ఒక పెద్దాయన చేరాడట. పోయిన ఏడాది బీజింగ్ నుంచి వచ్చాడట. కూతురు కొండ మీద పెద్ద ఇల్లు కొనుక్కుందట. చైనా వదిన తన ఫోన్లో తెలుగులోకి మార్చి చూపినదాన్నిబట్టి అత్తయ్యకు అర్థమైంది ఏమంటే, ఆయన పార్టీ బడిలో పెద్ద పెద్ద ఆఫీసర్లకు పాఠాలు చెప్పేవాడు. పొదుపు గురించీ, విదేశీ మోజు గురించీ. క్లాసుకు వచ్చిన రోజే బృందంలో అందరికీ తన హోదా గురించి విసుగొచ్చేదాకా చెప్పాడట.

మామయ్య జలుబు ఆ క్షణంలో పోయింది. "అసలైన పార్టీ మనిషి! ఇన్నాళ్ళూ డాన్సు పిల్ల మాటే విన్నాం. ఇప్పుడు అసలు మనిషిని అడుగుదాం."

"ఎనభై ఏళ్ళామెను పట్టుకుని డాన్సు పిల్లంటారేంది?" అంది అత్తయ్య.

ఆ వారమంతా మామయ్య ప్రశ్నలు తయారుచేసుకున్నారు. ఉమ్మడి సేద్యపు కమ్యూన్లు ఎందుకు ఎత్తేశారు, కోటీశ్వరుల్ని పార్టీలో ఎందుకు చేర్చుకుంటున్నారు, ఇవన్నీ భోజనాల బల్ల దగ్గర మా మీద ప్రయోగించి చూసేవారు. పాట్‌లక్ రోజు తెల్లలాల్చీ ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నారు. శనివారం కావడంతో మా ఆయన కూడా వచ్చాడు. అత్తయ్య గారెలు చేసింది.

హాల్లో ఎర్ర కాగితపు దీపాలు కట్టారు. ఆ పెద్దాయన అందరికన్నా ముందు, మంచి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గోల్ఫ్ టోపీ, ఖరీదైన చలికోటు. పక్కన కూతురు నిలబడి ఉంది. మామయ్య నేరుగా వెళ్ళి, పిడికిలి ఎత్తి, గొంతెత్తి, "కామ్రేడ్!" అన్నారు.

ఆ మాట చైనా వాళ్ళకు ఇంగ్లీషులోనూ తెలుసనుకుంటాను. పెద్దాయన ఉలిక్కిపడి ముందు తలుపు వైపు, తర్వాత కూతురి వైపు చూశాడు. కూతురు గబగబా ఏదో అంది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతూ చైనా భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాడు. మామయ్య పిడికిలి ఇంకా గాల్లోనే ఉంది.

చైనా వదినగారు తర్జుమా చేయడానికి వచ్చింది. ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. "దయచేసి ఆ మాట అనొద్దంటున్నారు. ఆయనకు వచ్చే నెల గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ ఉంది. పార్టీ మనుషులకు ఇక్కడ ఆ కార్డు ఇవ్వరట. ఆయన పార్టీలో ఎప్పుడూ లేరట."

"మరి పార్టీ బడిలో పాఠాలు..."

ఆవిడ అడిగి చెప్పింది. "చదువుల శాఖలో చిన్న ఉద్యోగమట. గుమాస్తా లాంటిది. తాను ఎవరూ కానని చెప్పమంటున్నారు."

మామయ్య పిడికిలి మెల్లగా దించారు. దించి ఊరుకున్నారా అంటే లేదు. హాలంతా వినపడేలా ఇంగ్లీషులో, "నేను మాత్రం పార్టీ మనిషినే. నలభై ఏళ్ళకు పైగా," అన్నారు.

హెచ్‌వన్ వీసా మీద ఉండి, గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ళ తరబడి లైన్లో ఉన్న మా ఆయన గారెల ట్రేతో పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, ప్లీజ్! కొంచెం మెల్లగా! మన ఫైల్ కూడా పెండింగ్‌లో ఉంది."

"నీ ఫైల్‌కి నేనేం చేశానురా? నా ఫైల్ ఖమ్మంలో ఉంది!"

పక్కనున్న పంజాబీ ఆయన చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకూ తెలియదనుకుంటాను.

పెద్దాయన ఆ ఇబ్బంది నుంచి బయటపడటానికి మాట మార్చాడు. కూతురు ద్వారా మామయ్యను అడిగాడు, మీ అబ్బాయి ఇల్లు ఎన్ని చదరపు అడుగులని. ఏ స్కూలు పరిధిలో ఉంది, ఎన్నింటికి కొన్నారు, ఇప్పుడెంత పలుకుతోంది. వారమంతా కూడబెట్టిన ప్రశ్నలు మామయ్య నోట్లోనే ఉండిపోయాయి. "నాకు తెలియదండీ, మా కోడలు చెబుతుంది," అని నన్ను ముందుకు తోశారు.

భోజనాలకు పిలిచారు. అందరం వరసలో నిలబడ్డాం. ముందు కుర్చీలో నుంచి లేచిన పెద్దాయన పళ్ళెం పట్టుకుని తిన్నగా మొదటికి వెళ్ళాడు. అలా వెళ్ళడం ఆయనకు అలవాటేనని నడకలోనే తెలిసింది. తొందర లేదు, అటూ ఇటూ చూడటం లేదు. బల్ల దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది మన వదినగారు. గరిటెతో వరస చివర చూపించింది. ఆయన మొహం గట్టిపడింది. చిన్నగా ఏదో అన్నాడు. ఆవిడ అంతే చిన్నగా జవాబిచ్చింది. చైనా వాళ్ళంతా ఒక్కసారిగా పళ్ళేల వైపు తలలు దించుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. పెద్దాయన వచ్చి వరస చివర, మామయ్య వెనక నిలబడ్డాడు.

తర్వాత నేనడిగాను ఏమన్నాడని.

"'నేనెవరో తెలుసా' అన్నాడు," అంది ఆవిడ. "'తెలుసు. ఇందాకే చెప్పారుగా, మీరు ఎవరూ కారని' అన్నాను."

అక్కడితో ఆ పెద్దాయన మీద నాకు కోపం పోయింది. వరసలో నిలబడ్డాక ఆయన కూతురి ఇంట్లో ఉంటూ కాలక్షేపం కోసం వచ్చిన మామూలు తాతలా కనిపించాడు. మామయ్య ఆయన పళ్ళెంలో రెండు గారెలు వేసి, అల్లం పచ్చడి చూపించి, కారం జాగ్రత్తని సైగ చేశారు. పెద్దాయన తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వేయించుకున్నాడు.

పాట మొదలైంది. పెద్దాయన గోల్ఫ్ టోపీ తీసి కుర్చీ మీద పెట్టి, కూతుర్ని పిలిచి, నేల మీదికి దిగాడు. మేమంతా తినడం ఆపి చూశాం. ఎంత బాగా చేశాడని! నీళ్ళ మీద పడవలా జారుతున్నాడు. తిరిగేటప్పుడు కోటు అంచు కూడా తొందరపడలేదు. అది పార్కులో నేర్చుకున్నది కాదని నాలాంటి దానికి కూడా తెలిసింది.

చైనా వదినగారు మామయ్య పక్కకు వచ్చి నిలబడింది. "చూశారా? చదువుల శాఖ గుమాస్తా."

మామయ్య ఈసారి దాచుకోకుండా నవ్వారు. నవ్వుతూనే అన్నారు. "నేను చాలామందికి మీ దేశం గురించి పాఠం చెప్పాను మేడమ్. మా ఊళ్ళో పార్టీ కార్డు తీసేసుకుంటే ఇంటికొచ్చి ఏడ్చిన కూలీల్ని చూశాను. అదే కార్డుని ఈయన ఒక ఇంటర్వ్యూ కోసం... చేతి గుడ్డ పారేసినట్టు పారేశాడు."

ఆవిడ మామయ్య లాల్చీ చెయ్యి పట్టుకుని లాగింది. "మ్యాథ్ టీచర్, వినండి. ఈ డాన్సు ఎర్రగోడ లోపల కొద్దిమందే దాచుకుని చేసేవారు. నేను దాన్ని బయటికి తెచ్చి బస్సు డ్రైవర్లకీ నర్సులకీ ఊరికే పంచుతున్నాను. మీ పార్టీ భాషలో దీన్నేమంటారు?"

ఇన్ని వారాలుగా గోడ పక్కన కుర్చీలోంచి డాన్సుకు లేవని మామయ్య లేచారు. లేచి, ఆవిడ దగ్గరికి కాకుండా, గారెల ట్రే దగ్గర నిలబడ్డ అత్తయ్య దగ్గరికి వెళ్ళారు. నలుగురిలో అత్తయ్య చెయ్యి పట్టుకోవడం ఆయన వల్ల అప్పటిదాకా కాలేదు. వాళ్ళ పెళ్ళి పార్టీ ఆఫీసులో దండలు మార్చుకుని జరిగింది, అప్పుడు కూడా చేతులు పట్టుకోలేదని అత్తయ్య చెబుతుంది.

"చెయ్యి కడుక్కోనీండి, నూనె ఉంది," అంది అత్తయ్య.

"ఉండనీ. పద."

డాన్సంటే డాన్సేమీ కాదు. మామయ్య నేల వైపు చూస్తూ, "ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు" అని బడిపిల్లలకు చెప్పినట్టు గట్టిగా లెక్కపెట్టారు. అత్తయ్య, "మూడుకు మీరు వెనక్కి రావాలి, నా మీదికి కాదు" అని సరిదిద్దింది. రెండుసార్లు ఆమె కాలు తొక్కారు. చైనా వదినగారు నా పక్కన నిలబడి, "మీ మామగారికి నాయకుడయ్యే లక్షణాలున్నాయి," అంది. నేనూ మా ఆయనా ఫోన్లో వీడియో తీయాలని కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాం.

ఆ సాయంత్రం ఇంట్లో టీ తాగుతుండగా మా ఆయన హఠాత్తుగా అన్నాడు. "నాన్నా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీరంతా తెలుగు మీడియమే ఉండాలని ధర్నాలు చేశారు. మమ్మల్ని సర్కారు బడికి పంపించావు. మేడ మీద నాటుకోడి తిన్న ఆ పెద్దాయన పిల్లలు కాన్వెంటులో చదివారు కదా?"

"చదివారు."

"అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఎంఎస్‌కి వచ్చిన కొత్తలో క్లాసులో నోరు తెరవడానికి ఎంత భయపడ్డానో! ఒక సెమిస్టర్ అంతా నిన్ను తిట్టుకున్నాను."

మామయ్య కప్పు కింద పెట్టారు. "ఆయన పిల్లల్ని కాన్వెంటుకి పంపాడని నేనూ నిన్ను పంపితే, ఇంక ఆయనకీ నాకూ తేడా ఏముంటదిరా? నేను చెప్పింది నేను చేశాను. దాని బరువు నువ్వు మోశావు. అది మాత్రం నేనప్పుడు ఆలోచించలా."

మా ఆయన లేచి వెళ్ళి తండ్రి కప్పులో ఇంకొంచెం టీ పోశాడు. అత్తయ్య వాళ్ళిద్దరివంకా చూసి, "ఆ ఎర్రబుగ్గల పిల్ల అట్టలు మాత్రం చిరగకుండా చాలా ఏళ్ళు ఆగినయ్యి. కాయితం మంచిది," అంది. అందరం నవ్వాం.

వసంతం వచ్చాక వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యారు. ఎయిర్‌పోర్టుకు తానూ వస్తానని చైనా వదినగారు పట్టుబట్టింది. వెనక సీట్లో అత్తయ్య పక్కన కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు. ముందు సీట్లో మామయ్య వెనక్కి తిరిగి వాదిస్తూనే ఉన్నారు. నాయకులు చెడ్డవాళ్ళయినంత మాత్రాన, అందరూ సమానంగా తినాలన్న ఆలోచన చెడ్డదవుతుందా అని.

"ఆలోచన బాగుంది," అంది ఆవిడ. "వరసలో నిలబడని వాళ్ళ చేతికి గరిటె ఇవ్వకండి, అంతే. పాటలు కూడా బాగుండేవి. నాకిప్పటికీ అన్నీ వచ్చు."

బే బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఆవిడ చిన్నగా ఒక పాట అందుకుంది. మాటలు చైనావి. రెండో పాదం వచ్చేసరికి మామయ్య సీట్లో నిటారుగా కూర్చున్నారు. ఖమ్మం సభల్లో చివర అందరూ నిలబడి పాడే పాట అదే వరసలో ఉంటుందట. ఆయన తెలుగులో గొంతు కలిపారు. ఒకరు చైనా భాషలో, ఒకరు తెలుగులో, ఇద్దరూ శ్రుతి తప్పి, అమెరికా వంతెన మీద, అద్దాలు దించిన కార్లో పాడారు. పక్క కారులో కుక్క మమ్మల్ని చూసి మొరిగింది.

పాట అయ్యాక అత్తయ్య హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టులు తీసి ఇంకోసారి చూసుకుని, "పాస్‌పోర్టులు చూసేకాడ మాత్రం పాడమాకండి," అంది.

"ఎందుకు పాడకూడదు? నేను పోయేది మనూరికే కదా!" అన్నారు మామయ్య.